మబ్బుకోడలికి యాభయ్యేండ్లు

మా అత్త గడపలో కూర్చుని మబ్బుకోడలి కథ రాసుకొని పోయినవాళ్లు వెయ్యిమంది ఉంటారని నేను చానామందికి చెప్పినాను. ముదిగుబ్బ సంతలో ఒకసారి రెండువేలని కూడా అన్నట్టు గుర్తు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక తగ్గించుకుంటాను. నూరు. అదీ ఎక్కువే. నా కండ్లతో చూసింది ముప్ఫైమంది దాకా. వాళ్లలో ఇద్దరు చేతిరాత సాగక సగంలోనే లేచిపోయినారు.

అత్తంటే మేనత్త గాదు, వరసకు అత్త. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. ఒక కొట్టం, కొన్ని గొర్రెలు, ఇంటిపైకప్పు వాసానికి వేలాడే గుడ్డసంచిలో ఒక లావుపాటి నోటుబుక్కు. అంతే ఆమె ఆస్తి. ఆ నోటుబుక్కు ఆమె నాయన రాసింది. ఆయన గొర్రెలు కాసుకుంటూ మిషన్ బడి గోడ బయట నిలబడి అక్షరాలు నేర్చుకున్నాడని నేను అందరికీ చెప్పేవాణ్ణి. అబద్ధం. ఆయన బడి లోపలే కూర్చున్నాడు. పలకా బలపమూ వాళ్లే ఇచ్చినారు. ఆ గోడ నేను కట్టింది.

కథ మాత్రం నేను కట్టింది గాదు, ఆయన కట్టింది, అందుకే అంత బాగుంటుంది. ఒక మబ్బు మా మెట్టసీమలో ఒక ఇంటికి కోడలిగా వస్తుంది. మిద్దె మీద ఆరబోసిన జొన్నలు తడిసినాయని అత్త తిడుతుంది. కోడలు అలిగి పుట్టింటికి పోతుంది. ఇంక ఊరు ఊరంతా, ఆ తిట్టిన అత్తను ముందు పెట్టుకొని, కోడలిని పిలుచుకొని రాను బయల్దేరుతుంది. వాన మొగం చాటేసిన ఏడు చావట్లో మూడు పగళ్లు ఈ కథ పాడేవాళ్లు. మా దిక్కు అది ఎన్నిమార్లు పాడి ఉంటారో మీరే అనుకోండి.

పాడాలంటే పుస్తకం కావాల. అచ్చు పుస్తకం లేదు. అందుకని ఏ ఊరివాళ్లయినా మా అత్త దగ్గరికే రావాల. సోమందేపల్లె దిక్కు నుంచి వచ్చేవాళ్లు, పుట్టపర్తి అవతల పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్లు. ఆమె ఎవ్వరినీ కాదనేది గాదు. "అడిగినోనికి ఇయ్యి" అని నాయన పోయేముందు చెప్పినాడంట. కానీ రెండు షరతులు పెట్టింది. ఒకటి, పుస్తకం గడప దాటకూడదు, ఈడనే కూర్చుని రాసుకోవాల. రెండు, ఆ పొద్దు రాసుకున్నదంతా లేచేముందు ఆమెకు గట్టిగా చదివి వినిపించాల.

ఎందుకంటే ఆమెకు అక్షరం ముక్క రాదు. ఊళ్లో పదిమందికి చదువు నేర్పిన నాయన, కూతురు అడిగితే "రేపు" అనేవాడంట. ఆ రేపు రాకముందే ఆయన పోయినాడు. అందుకని ఆమెకు నాయన మాట వినబడాలంటే ఎవరో ఒకరు రాసుకోను రావాల. గడపకు ఇవతల ఆమె రాగులు చెరుగుతూ వినేది. చెరుగుతూ చెరుగుతూ చేట ఆపేది.

"ఆగు. ఆడ ఒక మాట మింగినావు."

"లేదమ్మా, ఉన్నదే చదివితిని."

"నువ్వు చదివింది ఉన్నదే. రాసుకునేటప్పుడే మింగినావు. 'ఎండిన వంక' గాదు, 'నోరెండిన వంక' అన్నాడు మా నాయన. పుస్తకంలో చూడు."

చూస్తే అట్లే ఉండేది. దిద్దుకొని పోయేవాళ్లు. ఇట్ల ఇరవైఎనిమిది ఊర్లలో ఇరవైఎనిమిది పుస్తకాలు, ఒకదాంట్లో ఉన్నదే అన్నిట్లో. చదువురాని ఒక ఆడమనిషి కాపలా కాసిన కథ అది. ఈ ముక్క మాత్రం పెంచి చెప్పడం లేదు.

నేను ఆమెకు ఇష్టమైన చదువరిని. నా గొంతు బాగుంటుందని ఆమే అన్నది. నాకు రాసుకునే పని లేకపోయినా సాయంత్రం పిలిచేది. "అల్లుడా, ఆ పుట్టింటి భాగం ఒకసారి చదివి పో" అని వేయించిన చెనక్కాయలు దోసెడు పెట్టేది. అప్పుడు నాకు ఇరవైమూడేండ్లు. థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, తప్పి సేద్యంలో పడినవాణ్ణి. ఊళ్లో మాత్రం నాకు ఇంగ్లీషు వచ్చునని పేరు. ఆ పేరు ఎవరు పెట్టినారో అడగొద్దండి. ఎవరికైనా ఇంగ్లీషు తంతి వస్తే నా దగ్గరికి తెచ్చేవాళ్లు. మొగం చూసి చెప్పేవాణ్ణి. తెచ్చినోని మొగంలో చావుభయం ఉంటే "అంతా కుశలమే, వివరంగా జాబు రాస్తారంట" అనేవాణ్ణి. ఎక్కువసార్లు సరిపొయ్యేది.

ఇంక నా సావాసగాని సంగతి. మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నోళ్లం. నేను తప్పినాను, వాడు గట్టెక్కినాడు. పట్నంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరినాడు. వాడొక రోజు పొద్దున సర్వీసు బస్సులో దిగినాడు, చంకలో పేపరు, చేతిలో అత్తకు ఒక నేతచీర.

చావడి అరుగు మీద పేపరు పరిచినాడు. "చూడ్రా. ఢిల్లీలో కొత్త చట్టం తెస్తాండారు. ఇన్నాళ్లూ పుస్తకం రాసినోడు పోయినాక యాభయ్యేండ్ల దాకా హక్కు వాళ్లోళ్లదే. ఇప్పుడు దాన్ని ఇరవైఐదుకు తగ్గిస్తారంట. ఆ పైన ఊరందరిదీ."

"అయితే మాకేమప్పా?"

"ఏమా? మీ అత్త నాయన పోయి ఎన్నేండ్లయింది?"

లెక్క నాకు నోటికే తెలుసు. ఆయన పోయిన నెలలోనే నేను పుట్టినానని మా అమ్మ చెప్పేది. ఇరవైమూడు.

"ఇంక రెండేండ్లు. ఆ పైన ఎవడైనా అచ్చేసుకోవచ్చు. మద్రాసు నుంచి ఎవడో వచ్చి, పేరు తీసేసి వేసుకుంటే ఏం చేస్తారు? దానికి ముందే మనం వేయాల, ఆయన పేరుతో, ఉన్నదున్నట్టు. రెండేండ్ల మాటకు ఒక కాగితం రాసుకుందాం. తర్వాత ఎట్లా అందరిదే గదా."

నాకు ఆ మాట వెన్న పూసినట్టుండె. ఆ సాయంత్రమే చావట్లో నిలబడి, మబ్బుకోడలి మీద ఢిల్లీవాళ్లు నా అభిప్రాయం అడిగినారని చెప్పినాను. అడగలేదు. నేనే ఒక కార్డు ముక్క రాసి పోస్టు డబ్బాలో వేసినాను, "ఇరవైఐదే మంచిది, తొందరగా కానీండి" అని. దానికి జవాబు రాలేదు.

మూడోనాటికి వాడు కాగితం తెచ్చినాడు. ఇంగ్లీషులో టైపు కొట్టింది, ఒక పేజీ నిండా. అత్త గడప ఇవతల, మేమిద్దరం అవతల.

"నాకు ఇవన్నీ తెలీవు" అన్నది అత్త. "అల్లుడు చదివి చెప్తే వేస్తా వేలు."

సావాసగాడు నా దిక్కు చూసినాడు. "చదివి చెప్పురా" అన్నాడు, చానా నెమ్మదిగా.

ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. నేను కాగితం పట్టుకున్నాను. నాకు తెలిసిన మాటలు మూడో నాలుగో కనిపించినాయి. బుక్కు, ఆల్, ప్రెస్సు. మిగిలిందంతా చీమలబారు. "నాకు రాదత్తా, కరణం దగ్గర చదివించుకో" అని ఒక్క మాట అనుంటే సరిపొయ్యేది. ఆ మాట నా నోట రాలేదు. గొంతు సవరించుకొని, పుట్టింటి భాగం చదివినంత రాగంగా చదివినాను.

"ఈ కథ ఫలానా ఆయన రాసినది. ఆయన కూతురికే సర్వాధికారము. ప్రెస్సువారు రెండేండ్ల వరకు మాత్రమే అచ్చు వేయుదురు. ఒక్క అక్షరం మార్చరు. నోటుబుక్కు నెలలోగా భద్రంగా తిరిగి ఇచ్చెదరు. రాసుకునేవారిని ఎవరూ అడ్డగించరాదు."

అదంతా వాడు నోటితో చెప్పిందే. నేను దానికి ఇంగ్లీషు కాగితం పట్టుకొని అచ్చ తెలుగు చదివినాను. 'భద్రంగా' అన్న మాట నేనే వేసినాను, ఇంకా బాగుంటుందని.

అత్త చేట పక్కన పెట్టింది. "రాసుకునేవాళ్లను అడ్డగించరాదు అని ఉండాదా?"

"ఉండాదత్తా."

"ఇంకోసారి చదువు ఆ ముక్క."

ఇంకోసారి చదివినాను. ఆమె వేలు చాపింది. నోటుబుక్కు మొదటిసారి గడప దాటింది.

నెల పోయింది. ఆరునెలలు పోయినాయి. వాన కూడా రాలేదు ఆ ఏడు. చావట్లో కథ పెట్టుకుందామని ఊరు అనుకుంటుండగా అచ్చుపుస్తకం వచ్చింది. అట్ట మీద పేరు 'మేఘస్నుషా చరిత్రము'. కింద 'పరిష్కర్త' అని నా సావాసగాని పేరు. అత్త నాయన పేరు లోపల పీఠికలో ఒక చోట ఉంది, 'ఒక గొల్లవాని నోట వినబడిన' అన్న ముక్క పక్కన. వెనక్కి తిప్పితే 'సర్వస్వామ్య సంకలితము', అంటే హక్కులన్నీ వాళ్లవేనని.

నేను అత్త దగ్గర కూర్చుని చదివినాను. 'రాయే కోడలా రాయే' అన్న చోట 'రమ్ము రమ్ము మేఘస్నుషా' అని ఉంది.

"స్నుష ఎవర్రా?"

"కోడలే అత్తా."

"కోడల్ని కోడలంటే వాళ్లకేమైంది?"

ఇంకో పేజీ చదివినాను. 'నోరెండిన వంక' లేదు. 'శుష్కతటాకము' ఉంది.

"చాల్లే" అన్నది. "ఇది మా నాయన గాదు. వాళ్ల దగ్గర ఉండనీలే ఇది. నా నోటుబుక్కు తెచ్చియ్యమను."

నేను జాబు రాసినాను. ఇంకో జాబు రాసినాను. జవాబుగా వచ్చింది ప్రెస్సువాళ్ల కార్డు, తెలుగులో. సోమందేపల్లె దిక్కు ఒకాయన తన రాతప్రతిని చిన్నపుస్తకంగా అచ్చేయించబోతే వాళ్లకు తెలిసిందంట. 'సదరు కథను ఇతరులెవ్వరును అచ్చు వేయరాదు, అమ్మరాదు' అని నాలుగు ముక్కలు. అంతే. రాసి పెట్టుకోవద్దని గాని పాడుకోవద్దని గాని లేదు. ఇది మీరు బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడే నేను చేయరాని పని చేసినాను.

నాకు వాడి మీద కడుపు మండుతోంది. ఊరికి కూడా మండాలని నా ఆశ. కార్డులో ఉన్నంత చెప్తే ఎవరికి మండుతుంది? అచ్చేసేవాళ్లు ఊళ్లో ఎవరున్నారు గనక? అందుకని చావట్లో కార్డు చదివేటప్పుడు కొంచెం పెంచినాను. "ఇంట్లో ఆ కథ ఒక్క కాగితమున్నా పోలీసులొస్తారంట." ముదిగుబ్బ సంతకు పొయ్యేసరికి అది ఆరునెలల జైలయింది. కదిరి బస్సులో ఒకాయన అడిగితే సంవత్సరమని, కఠినశిక్ష అని చెప్పినాను. "చూస్తిరా వాడు ఎంతకు తెగించినాడో!" అని ప్రతిచోటా చివర్లో అనేవాణ్ణి. అందరూ వాణ్ణి తిడతారని కాసుకొని ఉన్నాను.

ఎవ్వరూ తిట్టలేదు. భయపడినారు.

మా దిక్కు జనం కాగితానికి ఎంత భయపడతారో నాకు తెలియదా? తెలుసు. తెలిసే చెప్పినాను. పది దినాలకు పుట్టపర్తి అవతలి ఊరాయన అత్త దగ్గరికొచ్చి దండం పెట్టి, "అమ్మా, మా పుస్తకం పొయిలో పెట్టేసినాం. పిల్లలు గలోళ్లం" అని చెప్పి పోయినాడు. ఒకరు బావిలో వేసినారంట. ఇంకొకరు గొర్రెల దొడ్డి కింద పాతిపెట్టినారంట, అది చెదలకు పోయింది. ఎవరన్నా దాచిపెట్టుకోని ఉంటారా అని ఊరూరూ తిరిగినాను. నూరు ఊర్లు తిరిగినాను. కాదు, పదకొండు. అన్ని చోట్లా నన్ను చూసి తలుపు వేసుకున్నారు, నేనే పోలీసులను తెస్తానేమోనని. మా ఊరి చావడి పుస్తకం ఏమైందంటారా? దాన్ని మా నాయనే కాల్చినాడు, నేను చెప్పింది నమ్మి.

ఆ ఏడు చావట్లో కథ లేదు. మూడు పగళ్లూ ఊరికే కూర్చున్నారు.

అత్త మాత్రం బెదరలేదు. "రెండేండ్లలో అందరిదీ అవుతాదన్నావు గదరా. ఇంకెంత, ఒకటిన్నర. నోటుబుక్కు వస్తే మళ్లీ అందరూ రాసుకుంటారు. మబ్బుకు అలక పోయేదాకా ఆగిన ఊరు మనది, చట్టానికి ఆగలేమా?" అన్నది. నేను రోజూ పంచాయతీ రేడియో దగ్గర, బస్సులో వచ్చే పేపరు దగ్గర కాచుకొని ఉండేవాణ్ణి. ఆ చట్టం వచ్చింది, నిజంగానే వచ్చింది. పేపరులో లోపలి పేజీలో నాలుగు వరసలు. రాసినవాళ్ల తరఫువాళ్లు కూడదన్నారంట, పెద్దలు కూర్చుని మాట్లాడినారంట, ఇరవైఐదు మాట వదిలేసి యాభయ్యే ఖాయం చేసినారంట.

నాలుగుసార్లు చదివినాను. నన్ను అడగలేదే అనిపించింది, నవ్వుకోండి. కార్డు రాసినాను గదా.

మరుసటి పొద్దున్నే పట్నం పోయినాను. ప్రెస్సు ముందర టీ అంగడిలో వాడు కూర్చునున్నాడు. నన్ను చూసి టీ చెప్పినాడు.

"నోటుబుక్కు ఇయ్యరా" అన్నాను.

"ఏ నోటుబుక్కు?"

"అత్త నాయనది."

వాడు నిజంగానే ఆలోచించినాడు. "అది యాడుంటాదప్పా? అక్షరాలు పేర్చే పనికి పుస్తకం కుట్లు ఇప్పేస్తాం. ఒక్కొక్క కంపోజిటరుకు పది కాగితాలు. చేతుల మసి, సిరా... అచ్చయినాక రాతప్రతితో ఏం పని? ఊడ్చేసుంటారు."

కొట్టినానని తర్వాత ఊళ్లో చెప్పినాను. కొట్టలేదు. టీ తాగినాను.

"నెలలోగా తెచ్చిస్తానంటివి గదరా."

"నేను అన్నానేమో. కాగితంలో లేదే. కాగితం నువ్వే చదివి చెప్పినావు గదా ఆమెకు."

"నాకు ఇంగ్లీషు రాదని నీకు తెలియదా?"

"తెలీకేం? థర్డ్ ఫారంలో నీ ఇంగ్లీషు పేపరు సగం నేనే గదరా చూపించింది. అయినా తప్పితివి."

"తెలిసే ఇంగ్లీషులో కొట్టించినావా?"

వాడు గ్లాసు అడుగున మిగిలిన టీ కింద పారబోసి, "ప్రూఫులున్నాయి" అని లేచిపోయినాడు. ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. నా అబద్ధం ఎక్కడ ఉందో ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు వాడొక్కడే. ఆ తెలిసినదాన్నే పనిముట్టు చేసుకున్నాడు.

ఊరికొచ్చి అత్తకు చెప్పినాను. యాభై అయిందని చెప్పినాను. నోటుబుక్కు లేదని చెప్పినాను. రెండూ కదలకుండా విన్నది. అప్పుడు అడిగింది.

"కాగితంలో తిరిగి ఇస్తామని ఉండె గదా. రెండేండ్లని ఉండె గదా. చదివితివి."

"లేదత్తా."

"రెండుసార్లు చదివితివి గదరా ఆ ముక్క."

"నాకు ఇంగ్లీషు రాదత్తా. వాడు చెప్పిందే చదివినట్టు చెప్పినాను."

కోపం రాలేదు ఆమెకు, అది వచ్చుంటే బాగుండు. చేతిలో ఉన్న గొర్రెబొచ్చు తాడు పేనుతూనే ఉంది.

"నాయన పుస్తకంలో ఎవడన్నా మాట మింగితే పట్టుకునేదాన్ని. లేని మాట చదివితే యెట్ల పట్టుకునేదిరా?"

ఆ తర్వాత ఆమె నన్ను చదవమని పిలవలేదు. చదవను ఏముంది గనక, అది వేరే సంగతి. కొన్నాళ్లకు తెలిసింది, చెనక్కాయలు వొలిచేటప్పుడు ఆడోళ్ల మధ్య కూర్చుని కథ చెప్తోందని. ఇన్నేండ్లు ఇంతమంది నోట విని విని మొత్తం ఆమెకు వచ్చేసింది. పుట్టింటి భాగం సోమందేపల్లె ఆయన గొంతులో, ఊరు బయల్దేరే భాగం ఇంకొకరి గొంతులో, అట్లనే చెప్తుందంట. తిట్టే భాగం నా గొంతులో చెప్తుందని ఒకామె నవ్వుతూ చెప్పింది. నేను ఆ కొట్టం వైపు పోతే చాలు, ఆమె ఆపేది. కాయలు చిట్లే చప్పుడు మాత్రం వినబడేది.

అరవైల్లో మళ్లీ పెద్ద కరువొచ్చింది. కొత్తగా వచ్చిన పంతులు ఒకాయన అచ్చుపుస్తకం పట్టుకొని చావట్లో మేఘస్నుషను పాడిస్తానన్నాడు. ఊరంతా చేరినారు. అత్త గొర్రెలు తోలుకొని గుట్ట దిక్కు పోయింది. నేను వెనకాలే పోయినాను.

"అత్తా. నీ తర్వాత ఎవరికీ రాదు. నాకు చెప్పు, రాసుకుంటా. మొత్తం వద్దు, ఆ పుట్టింటి భాగం ఒక్కటి."

"రాస్తే అది మళ్లీ ఎవనిదో అవుతాది."

"రాయను. వింటా, అంతే. చూడు, కాగితం లేదు" అని చేతులు చాపినాను. జేబులో పెన్సిలుంది.

నా చేతుల దిక్కు చూసింది, జేబు దిక్కు చూడలేదు. "తలకాయలో రాసుకుంటావు. నీ తలకాయలోకి పోయింది బయటికొచ్చేటప్పటికి నాలుగింతలవుతాది. మా నాయనది అంత పెద్దది గాదురా. వాళ్లు గొప్పది చేసినారు, నువ్వు పెద్దది చేస్తావు. చిన్నగా ఉండనీ దాన్ని."

మరుసటేడు ఆమె పోయింది. చెనక్కాయలు వొలిచిన ఆడోళ్లను అడిగినాను. ఒక్కొక్కరికి ఒక్కో తునక గుర్తుంది, రెండు తునకలు అతకవు. యాభయ్యేండ్లు ఎప్పుడో నిండినాయి. మబ్బుకోడలు ఇప్పుడు అందరిదీ. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఎవర్నీ అడగనక్కర్లేదు. లైబ్రరీలో ఒక ప్రతి ఉంది, 'రమ్ము రమ్ము మేఘస్నుషా' అని. దాన్నే వేసుకోవాల.

ఆ పొద్దు గుట్ట మీద అత్త మనసు కరిగి, మబ్బుకోడలి కథ మొదటి నుంచి చివరి దాకా నాకు చెప్పిందని, అది నా దగ్గర భద్రంగా ఉందని చానామందికి చెప్పినాను. పరిశోధన చేసే పిల్లలు ఇద్దరు నమ్మి, ఇంటికి కూడా వచ్చినారు.

చెప్పలేదు. గొర్రెలను అదిలించుకుంటూ గుట్ట దిగిపోయింది.